పెద్దమ్మ ఎంచిన స్పీకర్లు

మా అమ్మకి అక్క, అంటే మా పెద్దమ్మ, బట్టల మిల్లులో మరమగ్గాల దగ్గర పనిచేసింది. పెళ్లికి ముందు చేరి, జుట్టు నెరిసి కళ్లజోడు వచ్చాక గానీ బయటికి రాలేదు. ఒక్క షెడ్డులో వందల మగ్గాలు. తలుపు తీస్తే చాలు, ఆ చప్పుడు మనిషిని వెనక్కి నెట్టేది. లోపల గొంతు చించుకుని అరిచినా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు పెదాలతో మాట్లాడుకునేవాళ్లు. మాటని గొంతులోంచి బయటికి రానివ్వకుండా పెదాల మీదే విడమరిచి చూపించేవాళ్లు. దానికి చేతి సైగలు తోడు. పోగు తెగితే ఒక సైగ, మగ్గం ఆపమంటే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే మీసం దువ్వినట్టు ముక్కు కింద వేలు. ఈ విద్యలో పెద్దమ్మని మించినవాళ్లు లేరట. షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి కబురు చేరాలంటే ఆమె చేతులే కావాలి. అక్కడ ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ‘సైగలక్క’.

పెదనాన్నది ఇందుకు పూర్తిగా ఎదురు పని. గడియారాలు బాగుచేసేవాడు. చిన్న దుకాణం, కంటికి బిగించుకునే భూతద్దం, చిమటాలు, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడని టిక్కు టిక్కు. మిల్లులో గోడ గడియారం ఆగిపోతే బాగుచేయడానికి వెళ్లి, నిచ్చెన మీద నుంచి కిందికి ఏదో అడిగాడట. ఆ రొదలో ఎవరికీ వినపడలేదు. కింద నిలబడ్డ పెద్దమ్మ మాత్రం అతని పెదాలు చదివి స్క్రూడ్రైవర్ అందించింది. “నా మాట విన్న మొదటి మనిషి మీ పెద్దమ్మే. అది కూడా వినకుండా విన్నది” అని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ గడియారం తర్వాత చాలాసార్లు ఆగిపోయింది. ఎందుకు ఆగేదో ఆయనే చెప్పాలి.

వాళ్లకి పిల్లల్లేరు. సెలవులొస్తే నన్ను తెచ్చిపెట్టుకునేవాళ్లు. చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనుకునేదాన్ని. అంత నిశ్శబ్దంగా ఉండేది. తలుపులు మెల్లగా వేసేవాళ్లు, గిన్నెలు మెల్లగా దించేవాళ్లు. పెదనాన్నకి పాటలంటే ప్రాణం, కానీ రేడియో ఎప్పుడూ పైకి మోగేది కాదు. ఒక తీగ చెవిలో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు. బల్ల మీద చూపుడువేలు మాత్రం తాళం వేస్తుండేది.

మిల్లు మానేశాక వాళ్లు ఒక పాత భవనంలో మూడో అంతస్తుకి మారారు. ముందు గది, వెనక పడకగది, వంటిల్లు, అంతే. ముందు గదిలో సోఫా వేస్తే బల్లకి చోటుండదు, బల్ల వేస్తే మనిషికి చోటుండదు. అక్కడికి మారాకే పెద్దమ్మ చెవుల సంగతి బయటపడింది. ఎదురుగా ఉండి మాట్లాడితే అన్నిటికీ సమాధానం చెప్పేది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పరీక్ష చేసి, పైస్థాయి శబ్దాలు చాలావరకు పోయాయంది. పిట్టల కూతలు, గ్లాసుకి చెంచా తగిలిన చప్పుడు, ఫోను మోగడం, ఇవేవీ అందవు. కింది స్థాయివి మాత్రం బాగానే ఉన్నాయి. చెవికి మిషను ఇచ్చింది. మాటలకి అది పనికొచ్చేది. పాట మాత్రం అందులోంచి వస్తే రేకు గీకినట్టుందని పెద్దమ్మ మొహం చిట్లించేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. పెదనాన్న ఎప్పటిలాగే చెవిలో తీగ పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలితో తాళం వేస్తూ నవ్వుకుంటున్నాడు. పెద్దమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆయన్నే చూస్తోంది. ఉన్నట్టుండి బట్టలు పక్కన పెట్టేసింది.

“ఏం వింటున్నారు?”

ఆయన ఉలిక్కిపడి తీగ తీసేశాడు. “ఏం లేదులే.”

“పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఈ ‘ఏం లేదులే’నే వింటున్నారు. అదేంటో నాకూ కాస్త వినిపిస్తే మీ సొమ్మేం పోయింది?”

పెదనాన్న తెల్లబోయాడు. “నువ్వు రోజంతా మగ్గాల మోతలో పడి వచ్చేదానివి కదా. ఇంటికొచ్చాక కూడా చప్పుడెందుకని...”

“అందుకని చెవిలో పెట్టుకున్నారా?”

“అందుకే. లేకపోతే నాకేం సరదా, ఈ తీగతో?”

పెద్దమ్మ నా వైపు తిరిగి, ఆయన మీద చాడీ చెబుతున్నట్టు చెప్పింది. “అమ్మడూ, నేనేమనుకున్నానో తెలుసా? ఈయనకి రోజులో ఆ కాసేపు నేను లేకుండా ఉండాలనిపిస్తుందేమో అనుకున్నాను. పోనీలే, మనిషికి ఆపాటి చోటు కావాలి కదా అని ఊరుకున్నాను. అది చప్పుడు, ఇది పాట. ఆ తేడా నాకు తెలియదనుకున్నాడు చూడు!”

పెదనాన్న లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుని, మడతపెట్టిన బట్టలన్నీ మళ్లీ విప్పి మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఏం చేయాలో తెలియనప్పుడు ఆయన చేతులు ఊరికే ఉండవు. “అయితే పెద్ద స్పీకర్లు కొందాం” అన్నాడు చివరికి.

“ఈ అగ్గిపెట్టెలోనా?” అంది పెద్దమ్మ గది చుట్టూ చూసి.

అలా మొదలైంది. ఆ వారమంతా పెదనాన్న టేపు పట్టుకుని గదిని కొలుస్తూనే ఉన్నాడు. తలుపు తెరుచుకోవాలి, కిటికీ రెక్క మూసుకోవాలి, నడిచే దారి ఉండాలి. అరల్లో పెట్టే చిన్న డబ్బాలైతేనే ఈ గదికి సరిపోతాయని తేల్చుకుని, అవే కొందామని ముగ్గురం బయల్దేరాం.

స్పీకర్ల దుకాణం పాత సినిమా హాలు వెనక సందులో ఉంది. వెనకవైపు ఒక గదిలో తివాచీ పరిచి, మందపాటి తెర కట్టి, ఒక సోఫా వేసి ఉంచారు. కావలసినంత సేపు కూర్చుని వినొచ్చు. దుకాణం ఆయన భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసింది. పెద్దమ్మకి ఆయన చెప్పింది ఒక్క ముక్క అందలేదు. “ఆ మీసం కాస్త కత్తిరించుకోమను, అప్పుడు బేరం మాట్లాడదాం” అంది నా చెవిలో. చెవిలో అనుకుంది గానీ గదంతా వినపడింది. ఆయన నవ్వి, మీసాన్ని రెండు వేళ్లతో పైకి ఎత్తిపట్టుకుని మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు.

పెద్దమ్మ చెవుల సంగతి నేను చెప్పాను. ఆయన చెప్పిందాన్నిబట్టి, చిన్న డబ్బాల్లో పైస్థాయి స్వరాలు శుభ్రంగా వస్తాయి కానీ కింది స్వరాలు పలచబడతాయి. ఇల్లు ఇరుకైనా వాటిని స్టాండు మీద నిలబెట్టాల్సిందే. ఆ స్టాండు ఆక్రమించే చోటులోనే నేల మీద నిలబడే సన్నని స్పీకరు పట్టేస్తుంది. నడుమెత్తు ఉంటుంది, వెడల్పు జానెడుకి మించదు, కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. “అమ్మగారి చెవులకి కింది స్వరాలే కదా సార్ అందేవి. ఏది కావాలో ఆవిడే తేల్చాలి” అన్నాడు.

మూడు జతలు వినిపించాడు. స్టాండు మీద చిన్నవి, నేల మీద నిలబడే సన్నవి, మా ఇంటి తలుపులో పట్టవని తెలిసినా సరదాకి భుజమెత్తు పెద్దవి. ఒక ముసలాయన పాడిన పాట, వెనక లోతుగా ఒక తంత్రీ వాద్యం, మృదువుగా డోలు. పాట అయిన ప్రతిసారీ పెదనాన్న “ఎలా ఉందోయ్?” అని అడగడం, పెద్దమ్మ “బాగుంది” అనడం. మూడిటికీ అదే మాట, అదే నవ్వు.

పెదనాన్న సోఫాలో పక్కకి తిరిగాడు. “నువ్వు స్పీకర్ల వైపు చూడటం లేదు. నా మొహం చూస్తున్నావు.”

“మీ మొహంలో తెలుస్తుంది కదండీ, ఏది బాగుందో.”

“కొనేది నీకోసం. నా మొహం నువ్వు ఎప్పుడైనా చూడొచ్చు” అని ఆయన లేచి, తెర తప్పించుకుని బయటికి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలా అయిపోయింది. దిక్కుతోచక నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను. కాసేపటికి చెవి మిషను తీసి నా చేతిలో పెట్టింది. చెప్పులు విప్పి, పాదాలు నేలకి ఆనించింది. “ఊఁ, కానివ్వండి” అంది.

చిన్నవి మోగాయి. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. “పక్కింట్లో ఎవరో తమలో తాము పాడుకుంటున్నారు. మన కోసం కాదు.”

పెద్దవి మోగాయి. కళ్లు పెద్దవి చేసుకుని సోఫా అంచు పట్టుకుంది. “అమ్మో, ఇది మా మిల్లే! మళ్లీ డ్యూటీ ఎక్కినట్టుంది. ఆపమను, ఆపమను.”

సన్నవి మోగాయి. కొంత పాట అయ్యాక లేచి వెళ్లి ఒక స్పీకరు మీద అరచేయి ఉంచింది. బిడ్డకి జ్వరం ఉందేమో చూస్తున్నట్టుగా ఉంది. అలాగే నిలబడి పాట అయిపోయేదాకా విన్నది. నా వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. “ఇక్కడికి వస్తోందే! ఇతను గదిలోకొచ్చి నిలబడి పాడుతున్నాడు. మీ పెదనాన్నని రమ్మను.”

రమ్మనక్కర్లేదు. ఆయన తెరకి చెవి ఆనించి అక్కడే ఉన్నాడు.

సన్నవే ఖాయం చేశాం. బస్సు కోసం నిలబడ్డప్పుడు పెద్దమ్మ కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చుంది. పెదనాన్న నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, “నిజం చెప్పాలంటే నాకు ఆ చిన్నవే నచ్చాయి. ఎంత శుభ్రంగా పలికాయి! మీ పెద్దమ్మకి చెప్పకు” అన్నాడు.

“చూశాను!” అంది పెద్దమ్మ అక్కడి నుంచే. ఆమె ముందు రహస్యం చెప్పాలంటే గొంతు తగ్గించి లాభం లేదు, నోరు మూసుకోవాలి. ఆమె లేచి వచ్చేసింది. “అయితే చిన్నవే తీసుకుందాం. ఇంకా ఏం మించిపోలేదు, పదండి వెనక్కి.”

“వద్దోయ్.”

“మీకు నచ్చనివి నాకెందుకు?”

“నచ్చలేదని ఎవరన్నారు? అవి కాస్త ఎక్కువ నచ్చాయన్నాను. అయినా ఆ చిన్న చప్పుడు నా ఒక్కడి చెవిలో ఇన్నేళ్లు మోగింది. ఇప్పుడు నీ వంతు.”

బస్సొచ్చింది. ఆ మాట మీద ఇంక వాదన జరగలేదు.

దుకాణం ఆయన మనిషిని పంపి స్పీకర్లు చేర్పించాడు. వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమని, మూలలకి మాత్రం నెట్టవద్దని చెప్పి పంపాడు. మా వాళ్లు సరిగ్గా మూలలకే నెట్టారు. ఇంకెక్కడ పెట్టినా తలుపుకి అడ్డం. పాట పెట్టగానే గది మొత్తం ఉబ్బినట్టయింది. కింది స్వరం వచ్చినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడాయి, అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. పెద్దమ్మకి గ్లాసుల చప్పుడు అందదు కాబట్టి ఆమె హాయిగానే ఉంది. ఆ హాయి చూసి పెదనాన్న వాటిని అలాగే ఉండనిచ్చాడు.

మర్నాడు తలుపు చప్పుడైంది. కింది అంతస్తులో ఉండే నర్సు. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునే మనిషి. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏమీ అనుకోకండి అంకుల్, కాస్త తగ్గిస్తారా? నా మంచం కూడా ఊగుతోంది.”

పెదనాన్న సిగ్గుతో చచ్చిపోయాడు. తగ్గిస్తాను, ఆపేస్తాను, తిరిగి ఇచ్చేస్తాను అని గబగబా చెప్పాడు. ఆమె మెట్ల వైపు తిరుగుతూ తనలో తాను ఏదో అనుకుంది. శబ్దం బయటికి రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమ్మకి మాత్రం పక్క నుంచి మొహం కనపడింది.

“‘ఈ వయసులో వీళ్లకిదేం సరదారా బాబూ’ అంటోంది” అని మాకు చెప్పింది.

నర్సు మెట్టు మీదే ఆగిపోయింది. “నేను బయటికి అనలేదే!”

“నువ్వు అనలేదమ్మా. నీ పెదాలు అన్నాయి” అని పెద్దమ్మ నవ్వింది. ఆ పిల్ల మొహం కందిపోయింది. పెద్దమ్మ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. “నేనూ బోలెడన్ని నైట్ షిఫ్టులు చేశాను. పగటి నిద్ర చెడితే మనిషికి ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు. తప్పు మాదే. ఒక్కసారి మీ ఇంట్లోకి రానిస్తావా? మంచం ఎలా ఊగుతోందో నేనే చూస్తాను.”

అలా పెద్దమ్మ కిందికి వెళ్లి నర్సు మంచం మీద కూర్చుని, గోడకి అరచేయి ఆనించింది. నర్సు తన గుమ్మంలో నిలబడింది. నేను మెట్ల మలుపులో నిలబడ్డాను. అక్కడి నుంచి కింది గుమ్మమూ కనపడుతుంది, పైన గదిలో పెదనాన్నా కనపడతాడు. పాట పెట్టారు. పెద్దమ్మ అక్కడి నుంచి సైగ చేస్తే, నర్సు దాన్ని చూసి అలాగే నాకు చేసేది, నేను పెదనాన్నకి. ముందుకి జరుపు. ఇంకొంచెం. ఆపు. ఎడమది లోపలికి తిప్పు. ఆ సైగలన్నీ ఆయనకి వచ్చు, మాకే రావు. అయినా పని జరిగిపోతోంది. మధ్యలో పెదనాన్న ఉన్నట్టుండి స్పీకరు వదిలేసి కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత తెలిసింది, నర్సు నిద్రమత్తులో ముక్కు కింద రుద్దుకుందట. నేనది కూడా సైగే అనుకుని పైకి చేరవేశాను. మేస్త్రీ వస్తున్నాడని!

చివరికి స్పీకర్లు గోడకి మూరెడు దూరం జరిగి, ఒకదాని వైపు ఒకటి కొంచెం తిరిగి నిలబడ్డాయి. కింద రెండు రాతి పలకలు, పలకల కింద పెదనాన్న దుకాణంలో మిగిలిన మందపాటి రబ్బరు చాప కత్తిరించి వేశారు. చెప్పుల అర వంటింట్లోకి పోయింది. వీధి తలుపు అప్పటి నుంచీ ముప్పాతికే తెరుచుకుంటుంది. లావుపాటి చుట్టాలు పక్కకి తిరిగి రావాలి. కింద పెద్దమ్మ గోడ మీద నుంచి చెయ్యి తీసేసి, “ఇంక పడుకోమ్మా” అంది. నర్సు నిద్రలేచే వేళ సాయంత్రం, అంతకుముందు పాట పెట్టకూడదని పెద్దమ్మే షరతు పెట్టింది. ఎవరూ అడగకుండానే.

ఆ సాయంత్రం పెదనాన్న తను బల్ల మీద తాళం వేసే పాట పెట్టాడు. పెద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని విన్నది. పాట మధ్యలో ఆయన చెయ్యి గాల్లోకి లేచి, వేళ్లు మెల్లగా ఆడాయి.

“ఏంటా వేళ్లు?”

“అక్కడ వేణువు వస్తుందోయ్. నీకు అందదేమో అని.”

పెద్దమ్మ ఆయన వేళ్ల వంకే చూసింది. అవి ఎక్కడ పైకి వెళ్లాయో, ఎక్కడ ఆగాయో, ఎక్కడ వణికాయో అన్నీ చూసింది. అయిపోగానే మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టించి చూసింది. మూడోసారి ఆయన చెయ్యి ఎత్తకముందే ఆమె వేళ్లు లేచాయి. పెదనాన్న మొహం పక్కకి తిప్పుకుని కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఇంకో పేచీ వచ్చింది. రెండు స్పీకర్ల మధ్య పాట సరిగ్గా కుదిరే చోటు ఒక్కటే ఉంటుంది. ఆ గదిలో అది ఒక్క కుర్చీ పట్టేంత. నువ్వు కూర్చో అంటే మీరు కూర్చోండి అని ఒకరినొకరు లాక్కుంటుండగానే సగం పాట అయిపోయేది. ఇద్దరూ నిలబడి విన్న రోజులు కూడా ఉన్నాయి. చివరికి కుర్చీ తీసేసి, గడియారాల దుకాణంలో గిరాకీలు కూర్చునే ఇరుకు బెంచీ తెచ్చి వేశారు.

మొన్న ఆదివారం సాయంత్రం ఫోను చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. కంగారుపడి వెళ్లాను. ముప్పాతిక తలుపు తెరిచే ఉంది. పక్కకి తిరిగి లోపలికి దూరాను. ఇద్దరూ వీపులు నా వైపు పెట్టి బెంచీ మీద భుజాలు ఒరుసుకుని కూర్చున్నారు.

“కాస్త జరగండి” అంటోంది పెద్దమ్మ.

“ఇంకా జరిగితే కింద పడతాను” అంటున్నాడు పెదనాన్న.

పాట నడుస్తోంది. నేను పిలవలేదు. చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని కింద కూర్చుని, అది అయ్యేదాకా ఆగాను.